గడ్డిమందు పడిన కొమ్మల్ని వెంటనే కోసెయ్యాలా, కొన్నాళ్లు ఆగి చూడాలా?

ముళ్లకంచె:
బాట పక్కన మొలిచిన గడ్డికి మందు కొట్టమని ఒకతన్ని పెట్టాం. డబ్బా మీద గ్లైఫోసేట్ అని ఉంది. గాలి వీస్తున్నా ఆగకుండా కొట్టేశాడు. మర్నాటికే బాట వైపు మందారాల లేత కొమ్మలు మెలితిరిగి కిందికి వంగాయి, ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. గులాబీల మీద కూడా తుంపర పడింది కానీ వాటికి ఇంకా ఏమీ కనబడటం లేదు. లేత నిమ్మ మొక్క ఒకటుంది, దాని మొదలు తడిసిందని అనుమానం. పడిన కొమ్మలన్నీ కోసి పారేయాలని ఇంట్లో ఒకరు, అసలు మొక్క జోలికే వెళ్లొద్దని ఇంకొకరు. మీరేమంటారు?

కత్తెర:
ఆలోచించకుండా కోసేయండి. గ్లైఫోసేట్ పడిన ఆకు దగ్గరే ఆగిపోయే మందు కాదు. ఆకు తయారుచేసిన ఆహారం ఏ దారిన వేళ్లకూ చిగుళ్లకూ వెళ్తుందో, ఇదీ ఆ దారినే వెళ్తుంది. అక్కడ మొక్కకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కాకుండా అడ్డం పడుతుంది. ఒకటి రెండు కొమ్మల మీదే పడినప్పుడు అదే రోజు తీసేస్తే మిగతా పొద దక్కుతుంది. ఆగి చూద్దామనుకుంటే చివరికి ఎండిన పొదనే చూడాల్సి వస్తుంది.

నిదానం:
అదే రోజు అంటే ఒప్పుకుంటాను. పడిన వెంటనే అయితే కోయక్కర్లేదు కూడా, ఆరకముందే నీళ్లతో ఆకులు బాగా కడిగితే చాలావరకు పోతుంది. కానీ వీళ్లకు ఆ సమయం దాటిపోయింది. మందు లోపలికి దిగాక కొమ్మ కోస్తే కొమ్మే పోతుంది, మందు పోదు. పైగా కోత పడగానే పక్క మొగ్గలు ఒక్కసారిగా లేస్తాయి. అసలే దెబ్బ తిన్న మొక్క దాచుకున్న ఆహారమంతా వాటికి ఖర్చయిపోతుంది. ఏది పోయిందో, ఏది నిలిచిందో తేలాక ఎండిన మేరకే కోయాలి. అనుమానమైతే గోటితో బెరడు గీరి చూడండి, కింద పచ్చగా తడిగా ఉంటే కొమ్మ బతికున్నట్టే.

కత్తెర:
పచ్చగా ఉంటే గండం గడిచినట్టేనా? గ్లైఫోసేట్ కొద్దిగా తగిలిన గులాబీ ఆ సీజనంతా బాగానే ఉండి, తర్వాతి చిగురులో సన్నటి పొడుగాటి ఆకులు గుత్తులు గుత్తులుగా వేస్తుంది. దాన్ని వైరస్ అనుకుని మొక్కను పీకేసేవాళ్లున్నారు. చాలా మొక్కల్లో ఈ మందు అంత త్వరగా అరగదు, లోపలే కూర్చుంటుంది.

వేరుదారి:
మీరిద్దరూ డబ్బా మీద పేరు చూసి వాదించుకుంటున్నారు. మందారం చెప్తున్నది వేరు. మర్నాటికే మెలితిరగడం గ్లైఫోసేట్ పని కాదు. దానికి వారం, పది రోజులు పడుతుంది, ముందు చిగుళ్లు పాలిపోయి పసుపుబారతాయి. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందు అయితే తుంపర పడిన చోటల్లా చుక్కలు చుక్కలుగా మాడుతుంది, కొత్త చిగురు మామూలుగానే వస్తుంది. కొమ్మ వంగడం, కాడ మెలిపడటం, ఆకు దోనె కట్టడం ఇవన్నీ 2,4-డి, డైకాంబా లాంటి హార్మోన్ మందుల గుర్తులు. మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్‌ను అనుకరించి పెరుగుదలను దారి తప్పిస్తాయి. గంటల్లోనే తేడా కనబడుతుంది. 2,4-డిలో ఈస్టర్ రకమైతే వేడి రోజున ఆవిరై, తుంపర పడని మొక్కలను కూడా పట్టుకుంటుంది. ఎమైన్ సాల్ట్ రకంతో ఆ బెడద తక్కువ. టొమాటో, ద్రాక్ష, పత్తి ఈ హార్మోన్ మందులకు ఎంత సున్నితమంటే ట్యాంకు అడుగున మిగిలినది చాలు.

ముళ్లకంచె గారూ, ఆ పంపుతో అంతకుముందు ఏం కొట్టాడో ఒకసారి అడగండి.

ముళ్లకంచె:
అడిగాను. లాన్‌లో వెడల్పాకు కలుపుకు ఏదో కొట్టాడట, పేరు గుర్తులేదట. "నీళ్లతో తొలిపాను కదండీ" అంటున్నాడు. అంటే రెండు మందులూ పడ్డట్టేనా? ఈలోగా యాక్టివేటెడ్ బొగ్గు చల్లమని ఇంకొకరు చెప్పారు.

వేరుదారి:
రెండూ పడ్డట్టే. ట్యాంకు ఒకసారి తొలిపితే గొట్టాల్లో, వాషర్లలో, నాజిల్ ఫిల్టర్‌లో ఇంకినది పోదు. అసలు గడ్డిమందుకు విడిగా ఒక పంపు ఉండాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు లేడు, అది వేరే సంగతి.

నిదానం:
బొగ్గు మట్టిలో ఉన్న మందును పట్టుకుంటుందే గానీ మొక్కలోకి వెళ్లినదాన్ని తీయలేదు. గ్లైఫోసేట్ మట్టి రేణువులకు తనంతట తానే గట్టిగా అంటుకుంటుంది కాబట్టి దానికి బొగ్గు దండగ. వేళ్ల గుండా ఎక్కే మందు పడిందని తెలిస్తే ఉపయోగం.

చెట్టునీడ:
లాన్ మందు వల్ల చెట్లకేం కాదనే నేను విన్నాను. ఆకుల మీద పడకపోతే భయమెందుకు?

వేరుదారి:
చెట్టు వేళ్లు కొమ్మల అంచు దాటి లాన్ కింద చాలా దూరం పోతాయి. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ఇంప్రెలిస్ అనే లాన్ మందుకు 2010లో అనుమతి తెచ్చుకుంది. మరుసటి ఏడాదే లాన్ల పక్కనున్న స్ప్రూస్, వైట్ పైన్ చెట్లు చివర్ల నుంచి గోధుమరంగుకు తిరిగి ఎండిపోయాయి. 2011 ఆగస్టులో అక్కడి పర్యావరణ సంస్థ అమ్మకం ఆపించింది. డైకాంబా కూడా మట్టిలో నీటితో పాటు కదిలి వేళ్లకు అందుతుంది. కాబట్టి ఆ లాన్‌లో కోసిన గడ్డిని చెట్ల మొదట్లో పరచకండి, కంపోస్టులోనూ వేయకండి.

కత్తెర:
సరే, మందారం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. హార్మోన్ మందు తగిలింది కొద్దిగానే అయితే తర్వాతి చిగుళ్లు మామూలుగా రావచ్చు, దాన్ని వదిలేయండి. నిమ్మ మాటేమిటి? లేత మొదలు బెరడు ఇంకా పచ్చగా ఉంటుంది, గ్లైఫోసేట్ దాని గుండా కూడా లోపలికి పోతుంది. అక్కడ కోయడానికి కొమ్మ కూడా లేదు.

నిదానం:
అందుకే అక్కడ కత్తెరకు పని లేదు. మట్టి ఎండిపోకుండా చూడండి, అలాగని నీళ్లు నిలవనివ్వద్దు. నత్రజని ఎరువు మాత్రం వేయకండి, కోలుకోని మొక్కను పెరగమని తోసినట్టవుతుంది. మొదట్లో పిలకలు వస్తే వాటికి మళ్లీ మందు కొట్టొద్దు, తల్లి మొక్కకే ఎక్కుతుంది. చేత్తో తీసేయండి.

కత్తెర:
గులాబీల్లో తుంపర పడిన రెండు మూడు కొమ్మలు మాత్రం నేనైతే ఈ రోజే తీసేస్తాను. ఆలస్యమైందంటారేమో, మొత్తం దిగిపోయిందని మీకెలా తెలుసు?

నిదానం:
తెలియదు. మొత్తం దిగలేదని మీకూ తెలియదు. కోస్తే సగం పొదలే కోయండి, మిగతా సగం వదిలేసి కొమ్మలకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి.

ముళ్లకంచె:
అలాగే చేస్తాను. బాటకు దగ్గరగా ఉన్నవి కోస్తాను, అవతలివి వదిలేస్తాను.

వేరుదారి:
అలా చేస్తే తేలదండీ. దగ్గరగా ఉన్నవాటి మీదే ఎక్కువ పడింది కదా. ఒకటి వదిలి ఒకటి కోయండి.