39 శాతం ఓట్లు, 11 స్థానాలు: దామాషా ప్రాతినిధ్యం మనకు నప్పుతుందా?

కృష్ణాతీరం (ప్రశ్న):
ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో 2019లో తెలుగుదేశం సుమారు 39 శాతం ఓట్లతో 175 స్థానాలకు గాను 23 దక్కించుకోగా, 2024లో దాదాపు అంతే శాతం వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ 11తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఓట్ల దామాషాలో పంచితే రెండుసార్లూ ఆ పార్టీలకు 68 వరకు రావాలి. ఏ పార్టీ మీద అభిమానంతోనూ అడగడం లేదు; పదిమందిలో దాదాపు నలుగురి మాట సభలో వినబడకుండా పోయే ఈ పద్ధతిని ఎందుకు మార్చుకోవడం లేదు?

పాతకాగితం:
ఈ మాట రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా పద్ధతి కోసం సవరణ ప్రతిపాదించగా, అక్షరాస్యత అంతంతమాత్రంగా ఉన్న దేశంలో అది నడవదనీ, సభ ముక్కలై ప్రభుత్వాలు నిలబడవనీ అంబేద్కర్ తోసిపుచ్చారు. మొదటి అభ్యంతరానికి ఇప్పుడు బలం తగ్గింది గాని రెండోది అలాగే ఉంది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక మధ్యేమార్గం సూచించింది: ఉన్న నియోజకవర్గాలను కదపకుండా లోక్‌సభ స్థానాలను 25 శాతం పెంచి, ఆ అదనపు స్థానాలను మాత్రం ఓట్ల శాతాన్ని బట్టి పార్టీల జాబితాల నుంచి నింపాలని. అది కాగితాల్లోనే ఉండిపోయింది.

రచ్చబండ:
జాబితా అనగానే నాకు గుబులు. బీ-ఫారం ఎవరికో ఒకే ఇంట్లో తేలిపోయే పార్టీల్లో జాబితా మొదట్లో ఎవరి పేర్లుంటాయో వేరే చెప్పాలా? పింఛను ఆగితే ఇప్పుడు ఎమ్మెల్యే ఇంటి దాకానైనా వెళ్లగలం. జాబితాలో గెలిచినాయనకు ఊరేది? ఇక చదువు సంగతంటారా, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాయడమే కదా పని. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది నిలబడితే, దినపత్రికంత బ్యాలెట్ పత్రాలు లెక్కించడానికి రోజులు పట్టింది. డిగ్రీలున్నవాళ్లవే వేల ఓట్లు చెల్లకుండా పోయాయి.

దూరతీరం:
న్యూజిలాండ్‌లో 1978లోనూ 1981లోనూ లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా నేషనల్ పార్టీయే గెలిచింది. ఆ అసంతృప్తి 1993 ప్రజాభిప్రాయ సేకరణకు దారితీసి, 1996 నుంచి ఓటరుకు రెండు ఓట్లు వచ్చాయి: ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, మరొకటి పార్టీకి. కనుక రచ్చబండ గారు వెతికే ఎమ్మెల్యే ఎక్కడికీ పోడు. 5 శాతం ఓట్లో, ఒక నియోజకవర్గమో గెలిస్తేనే జాబితాలో వాటా గనుక సభ మరీ ముక్కలు కాలేదు. సంకీర్ణాలు మాత్రం మామూలైపోయాయి. అయితే జాబితా వరుసను పార్టీయే నిర్ణయిస్తుందన్న లోటు అక్కడా ఉంది. జర్మనీలోని బవేరియా రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో ఓటరు పార్టీ జాబితాలో తనకు నచ్చిన పేరుకే గుర్తు పెట్టవచ్చు. మన దగ్గర పెడితే ఆ రకం జాబితాయే పెట్టాలి.