యాభై రెండేళ్ల వయసులో గిటార్: వంగని వేలు, అరిగిన కీలు

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. ఇరవై ఆరేళ్లుగా చెన్నైలో ఉంటూ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. చిన్నప్పుడు మూడేళ్లు వీణ నేర్చుకున్నాను, గీతాల దాకా వచ్చాక చదువుల వల్ల ఆగిపోయింది. మా అబ్బాయి ఉద్యోగానికి పుణె వెళ్తూ వదిలేసిన గిటార్ ఆరేళ్లు బీరువా మీదే ఉండిపోయింది. గత జూన్‌లో దాన్ని దించి, తుడిచి, మా వీధిలోనే పాఠాలు చెప్పే ఒక అబ్బాయి దగ్గర చేరాను.

ఇబ్బంది ఏమిటంటే, ఎనిమిదేళ్ల క్రితం స్కూటర్ మీద నుంచి పడినప్పుడు నా ఎడమచేతి ఉంగరపు వేలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, ఆ వేలి చివరి కణుపు అప్పటి నుంచి వంగడం లేదు, పుల్లలా నిటారుగానే ఉంటుంది. దీనికి తోడు రెండేళ్లుగా రెండు బొటనవేళ్ల మొదళ్లలోనూ నొప్పి వస్తోంది, ఎడమ వైపు కొంచెం ఎక్కువ. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు ఆస్టియో ఆర్థ్రైటిస్, అంటే కీళ్ల అరుగుదల అన్నారు. ఎఫ్ కార్డ్ (చూపుడువేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే స్వరాల కలయిక) పట్టుకున్న రోజున రాత్రి వరకు బొటనవేలు సలుపుతూనే ఉంటుంది. మా గురువుగారు, అంటే ఆ అబ్బాయి, నొప్పి అందరికీ ఉంటుందనీ, ఆరు నెలలు ఓర్చుకుంటే పోతుందనీ అంటున్నాడు. అతని వేళ్లకు అది నిజమే అయి ఉండవచ్చు. నా కీళ్లకు కూడా అది వర్తిస్తుందా, లేక ఉన్న కాస్త బలాన్నీ నేనే పాడు చేసుకుంటున్నానా అన్నది తెలుసుకోవాలని ఉంది. మానేయమని మాత్రం చెప్పవద్దని నా మనవి. సాయంత్రం ఆ అరగంట కోసం పగలంతా ఎదురుచూస్తున్నాను.

జవాబు (పెరంబూరు, గిటార్లు బాగుచేస్తాను)

టీచర్ గారూ, మీ వేళ్ల గురించి తెలిసినవారు చెబుతారు. నేను ముందు మీ గిటార్‌ను అనుమానిస్తున్నాను. ఆరేళ్లు చెన్నై గాలిలో ఊరికే పడి ఉన్న గిటార్ కొన్ననాటి గిటార్‌లా ఉండదు. ఈ తేమకు పైచెక్క ఉబ్బి, దానితో పాటు తీగలు కట్టే బ్రిడ్జ్ పైకి లేచి, తీగలు మెట్లకు, అంటే మెడ మీది లోహపు అడ్డపట్టీలకు, దూరమవుతాయి. సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టి గరుకవుతాయి. ఒక స్కేలు తీసుకుని పన్నెండో మెట్టు పైన లావుపాటి ఆరో తీగకూ మెట్టుకూ మధ్య ఎడం కొలవండి. అది 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే పర్వాలేదు, 3.5 దాటితే మాత్రం ఆరోగ్యంగా ఉన్న వేళ్లకైనా శిక్షే. తర్వాత ఏదైనా ఒక తీగను మూడో మెట్టు దగ్గర నొక్కిపట్టి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య చూడండి. అక్కడ కాగితం పట్టేంత సందు చాలు. అంతకంటే ఎక్కువ ఉంటే నట్‌లో, అంటే మెడ చివర తీగలు ఆనే చిన్న ముక్కలో, గాట్లు ఎత్తుగా ఉన్నట్టు లెక్క. ఎఫ్ కార్డ్ పట్టేది మొదటి మెట్టు దగ్గరే గనుక, ఆ ఎత్తంతా మీ చూపుడువేలూ బొటనవేలూ మోస్తున్నాయి. మిమ్మల్ని బాధపెడుతున్నది మీ వయసు కాకపోవచ్చు, ఆకురాయితో పది నిమిషాలు అరగదీయవలసిన ఒక చిన్న ముక్క కావచ్చు.

మీరు భౌతికశాస్త్రం చెబుతారు గనుక రెండో సంగతి మీకు నాకంటే బాగా తెలుస్తుంది. తీగ బిగువు దాని పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల ఆరు తీగలనూ ఒక అర స్వరం దించితే బిగువు సుమారు 11 శాతం, పూర్తి స్వరం దించితే సుమారు 21 శాతం తగ్గుతుంది. పాటకు అసలు శ్రుతే కావాలంటే రెండో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ కలిపి నొక్కిపట్టే బిగింపు) పెట్టుకోండి. అక్కడ మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వేళ్లు చాపవలసిన దూరం కూడా తగ్గుతుంది.

నైలాన్ తీగల గిటార్ కొనమని మీకు చాలామంది చెబుతారు. మామూలు లైట్ రకం స్టీలు తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా లాగితే, నైలాన్ తీగలు 40 కిలోల దరిదాపుల్లో లాగుతాయి, నిజమే. కానీ క్లాసికల్ గిటార్ మెడ నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, స్టీలు గిటార్‌కు 43 లేదా 44 ఉంటుంది. బొటనవేలి మొదలు అరిగినవారికి ఆ వెడల్పు మెడ చుట్టూ చెయ్యి చాపడమే కొత్త నొప్పి అవుతుంది. కొనే ముందు కనీసం పావుగంట ఒళ్లో పెట్టుకుని చూడండి. ఉన్న గిటార్‌కే సన్నటి తీగలు వేయించడం నా మొదటి సలహా. ఆ గిటార్‌కు మాత్రం నైలాన్ తీగలు కట్టకండి, అది స్టీలు బిగువు కోసం చేసిన చెక్క.

జవాబు (కీళ్ల వ్యాయామ చికిత్స చేస్తాను, కీల్పాక్)

అమ్మా, నొప్పిని ఓర్చుకుంటే పోతుందన్న మాట వేలికొనల చర్మానికి వర్తిస్తుంది, అక్కడ కాయ కాస్తుంది. కీలుకు కాయ కాయదు. ఈ రెండు నొప్పులనూ వేరుచేసి గుర్తించడం మీరు మొదట నేర్చుకోవాలి. వాయించిన తర్వాత రెండు గంటలు దాటినా కీలు సలుపుతుంటే, ఆ రోజు మోతాదు మించిందని అర్థం, మర్నాడు తగ్గించాలి. అరగంట ఒకేసారి కూర్చునే బదులు పది నిమిషాల చొప్పున మూడుసార్లు కూర్చోండి, ముందు గోరువెచ్చని నీళ్లలో చేతులు ఐదు నిమిషాలు ఉంచండి. ఉదయం లేవగానే చేతుల బిగుసుకుపోవడం అరగంట లోపు సర్దుకుంటుంటే అది మీ డాక్టరుగారు చెప్పిన అరుగుదలకు సరిపోతుంది. గంటకు పైగా ఉంటే, పిడికిలి కణుపులు రెండు చేతులకూ ఒకేలా వాచి వేడిగా ఉంటే మాత్రం అది రుమటాయిడ్ రకం కీళ్లవాతం కావచ్చు. అప్పుడు గిటార్ పక్కన పెట్టి ముందు రుమటాలజిస్టును కలవాలి, ఎందుకంటే ఆ జబ్బులో మందులు ఆలస్యమైతే కీలు శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఇక బొటనవేలు. మీరు మెడను పటకారులా నొక్కుతున్నారని నా అనుమానం. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఎంత బలంతో నొక్కితే, దానికి కొన్ని రెట్ల భారం బొటనవేలి మొదటి కీలు మీద పడుతుంది. బొటనవేలిని మెడ వెనుక ఊరికే ఆనించండి. గిటార్ శరీరాన్ని కుడి ముంజేతితో మీ ఛాతీ వైపు మెల్లగా ఆపి పట్టుకుని, ఎడమ మోచేతి బరువుతో తీగను వెనక్కి లాగండి. బొటనవేలిని పూర్తిగా తీసేసి కూడా ఒక స్వరం పలికించగలిగిన రోజున మీకు ఈ మాట అర్థమవుతుంది. వేలు మెట్టుకు ఆనుకుని, దాని వెనుకే పడాలి. మెట్ల మధ్యలో నొక్కితే బలం ఎక్కువ కావాలి. మెడ కొంచెం పైకి లేచేలా పట్టీ వేసుకుంటే మణికట్టు మడత పడదు.

జవాబు (అంబత్తూరు)

టీచర్ గారికి నమస్కారం. 2009లో ప్రెస్ మిషన్ కింద నా ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు చివరి కణుపుల దాకా పోయాయి. స్టాన్లీ ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్స విభాగం వారు మిగిలినదాన్ని ఎంతో శ్రద్ధగా కాపాడారు. వాచిన చేతితో ఇంట్లో కూర్చున్న ఆ నెలల్లోనే ఇంగ్లండ్ గిటార్ వాద్యకారుడు టోనీ అయోమీ గురించి చదివాను. ఆయన 1965లో, పదిహేడేళ్ల వయసులో, రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల చివర్లు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని వాయించాడు. అంతకు ముందు జాంగో రైన్‌హార్ట్ అనే మరో గిటార్ వాద్యకారుడు 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోతే, స్వరాలు ఎక్కువగా మిగిలిన రెండు వేళ్లతోనే పలికించాడు. నాకు తొడుగులు నప్పలేదు. నేను చేతులు మార్చుకున్నాను: ఎడమచేతివాటం వారి గిటార్ తెచ్చుకుని, బాగున్న కుడిచేతితో మెట్లు పట్టి, దెబ్బతిన్న చేతితో మీటుతున్నాను. అయోమీ ప్రమాదానికి ముందే వాయిస్తున్నాడు కాబట్టి ఆయనకు ఆ మార్పు కష్టం. మీరు మొదలుపెట్టి ఐదు నెలలే అయింది, మరిచిపోవలసింది పెద్దగా లేదు. ఒక్క వారం తిప్పి పట్టుకుని చూడండి.

జవాబు (మైలాపూరు)

మీకు వీణ వచ్చు కాబట్టి ఇది చెబుతున్నాను. చిత్రవీణకు మెట్లే లేవు. తీగల మీద ఒక కడ్డీని జరుపుతూ వాయిస్తారు, వేలు వంచి నొక్కవలసిన పని లేదు. గిటార్‌ను కూడా ఒళ్లో వెల్లకిలా పెట్టి స్టీలు కడ్డీతో వాయించవచ్చు. విశ్వమోహన్ భట్ గారి మోహనవీణ అలా పుట్టిందే. గమకం కోసం మీ చెవి ఎలాగూ వెతుకుతుంది, ఈ పద్ధతిలో అది మీకు దొరుకుతుంది.

మళ్లీ వేళచ్చేరి నుంచి, మూడు వారాల తర్వాత

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పన్నెండో మెట్టు పైన ఎడం దాదాపు 4 మిల్లీమీటర్లు ఉంది! మౌంట్ రోడ్డులో నట్, బ్రిడ్జ్ సరిచేయించి, సన్నటి తీగలు వేయించి, పూర్తి స్వరం దించుకున్నాను. పెరంబూరు వారు చెప్పిన శాతాలు నేను కూడా వేసి చూసుకున్నాను, సరిపోయాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు తీగ కంపనాల పాఠం ఈసారి గిటార్‌తోనే చెప్పాను.

చేతులు మార్చుకుని నాలుగు రోజులు ప్రయత్నించాను. కుడి బొటనవేలు కూడా నొప్పి పెట్టడంతో మానేశాను. కానీ ఆ ప్రయత్నం వల్ల ఒక మేలు జరిగింది: పిక్‌ను, అంటే తీగలు మీటే చిన్న బిళ్లను, రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకోవడమే కుడిచేతిని బాధిస్తోందని తెలిసింది. ఇప్పుడు బొటనవేలికి తొడుక్కునే పిక్ వాడుతున్నాను. ఎఫ్ కార్డ్‌ను కింది నాలుగు తీగల మీద చిన్న రూపంలోనే పడుతున్నాను. మా గురువుగారికి వివరిస్తే ఒప్పుకున్నాడు, నొప్పి అడుగుతూ పాఠం చెబుతున్నాడు.

ఎనిమిదేళ్లుగా నేను దాచుకుంటూ వచ్చిన వంగని వేలి గురించి కూడా చెప్పాలి. ఎ కార్డ్‌లో రెండో మెట్టు దగ్గర పక్కపక్కన మూడు తీగలు నొక్కాలి. మిగతావారు మూడు వేళ్లు ఇరికించే ఆ చోట నా ఉంగరపు వేలు నిటారుగా పడుకుని, మూడింటినీ ఒక్కటే పట్టుకుంటోంది. మొదటిసారి అది స్పష్టంగా పలికినప్పుడు పక్కగదిలో ఉన్న మా వారిని పిలిచి మళ్లీ వాయించి వినిపించాను.

ఒక్క సందేహం మిగిలింది. తీగలు వదులైనప్పటి నుంచి ఆరో తీగ రెండు, మూడు మెట్ల దగ్గర జరజరమంటోంది. తీగ లావు మార్చాలా, లేక ఇంకేమైనా చేయాలా?

జవాబు (పెరంబూరు)

ఆ ఒక్క తీగను కొంచెం లావుది వేస్తే చాలావరకు పోతుంది. మిగతా ఐదింటినీ కదపకండి. అప్పటికీ మోగితే మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీని (ట్రస్ రాడ్‌ను) పావు చుట్టు వదులు చేయాలి. అది మీరు చేయవద్దు, ఆదివారం గిటార్ తీసుకుని రండి.