కుడిచెయ్యి మరిచిపోతుందా, ఎండిపోతుందా? 137వ కీర్తనలో ఒక పాదం

పద్మజ, ఎడిసన్:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి పెళ్లికి వెళ్లాం. యూదుల పెళ్లి. వరుడు గాజు గ్లాసుని కాలితో తొక్కి పగలగొట్టే ముందు హీబ్రూలో ఒక వాక్యం పాడాడు. చేతికిచ్చిన చిన్న పుస్తకంలో ఇంగ్లీషు ఉంది: యెరూషలేమును మరిచిపోతే నా కుడిచెయ్యి ఎండిపోవాలి అని. నేను మిషన్ స్కూల్లో చదివాను కదా, తెలుగు పాదం సగం గుర్తొచ్చి ఆగిపోయింది. "యెరూషలేమా, నేను నిన్ను మరచినయెడల నా కుడిచేయి..." తర్వాత "ఎండిపోవును గాక" అనే నా చెవిలో ఉంది. మా తమ్ముడేమో "మరచును గాక" అంటాడు. చెయ్యి ఏం మరుస్తుందండీ? పూర్తి పాదం ఎవరికైనా నోటికి వచ్చా?

ప్రభాకర్, గుంటూరు:
మీ తమ్ముడిదే రైటు. "నా కుడిచేయి తన నేర్పు మరచును గాక." బైబిల్లో కీర్తనలు 137:5. ఆ కింద పాదం ఇంకా బాగుంటుంది: నా నాలుక అంగిటికి అంటుకోవాలి అని. ఒక కీర్తనలో వీణ వాయించే చెయ్యి, పాట పాడే నాలుక రెండూ పోవాలని తమను తామే శపించుకున్నారు. యూదుల్ని యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లు మాకో పాట పాడండి అని అడిగారు కాబట్టి, ఆ రెంటికే శాపం. "నేర్పు" అన్న మాట ఎంత సరిగ్గా పడిందో చూడండి.

శారద:
పడింది సరే, మూలంలో లేదు కదా ప్రభాకర్ గారూ. హీబ్రూలో "తిష్కఖ్ యెమీనీ" అని రెండే మాటలు. నా కుడి మరచు గాక. "నేర్పు" లేదు, "చేయి" కూడా విడిగా లేదు. ఏం మరవాలో చెప్పకుండానే పాదం అయిపోతుంది. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ అనువాదకులు ఖాళీ ఉంచలేక ఒక మాట వేసి, అది తమ చేర్పని తెలిసేలా వాలు అక్షరాల్లో పెట్టారు. మనవాళ్లు మాట తెచ్చుకున్నారు, వాలు వదిలేశారు.

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
శారదమ్మా, ఖాళీ ఉందని ఎవరన్నారు? అచ్చులు మార్చి చదివితే ఖాళీయే ఉండదు. పాత హీబ్రూ రాతలో హల్లులే ఉంటాయి. అచ్చుల గుర్తులు పెట్టినవాళ్లు మసోరా పండితులు, అదంతా క్రీస్తు తర్వాత ఎన్నో శతాబ్దాలకు. అంతకు చాలా ముందే వచ్చిన గ్రీకు అనువాదంలో "నా కుడిచేయి మరువబడును గాక" అని ఉంది. లాటిన్‌లోనూ అంతే. అంటే వాళ్ల చెవికి అది కర్మణి ప్రయోగం. నేను నిన్ను మరిస్తే నన్నూ లోకం మరిచిపోవాలి. దెబ్బకు దెబ్బ. ఇందులో వీణా లేదు, నేర్పూ లేదు.

కిరణ్:
మాస్టారూ, అచ్చులు మార్చడానికి ఒప్పుకుంటే హల్లుల వరస కూడా మార్చుకోవచ్చు. షీన్, కాఫ్, ఖేత్ అంటే మరవడం. అవే మూడు అక్షరాలు కాఫ్, ఖేత్, షీన్ అయితే చిక్కిపోవడం, క్షీణించడం. 109వ కీర్తనలో ఉపవాసంతో ఒళ్లు చిక్కిపోయింది అన్నచోట ఆ ధాతువే. రాసేవాడి చెయ్యి తడబడి అక్షరాలు అటూ ఇటూ అయ్యాయని చాలామంది పండితుల అనుమానం. పద్మజ గారికి పెళ్లిలో ఇచ్చిన ఇంగ్లీషు ఆ దారిలో వచ్చి ఉండొచ్చు.

ఇంకో గుంపు ఉంది. వాళ్లు అక్షరాలను కదపరు. సిరియాలోని పాత నగరం ఉగారిత్‌లో దొరికిన మట్టి పలకల్లో ఇలాంటి ధాతువే ఒకటి దొరికింది, దానికి వాడిపోవడం అనే అర్థం ఉంది, కాబట్టి హీబ్రూలోనూ మరవడం అనే "షకఖ్" కాక రెండో "షకఖ్" ఉండేది అంటారు.

శారద:
దానివల్ల శ్లేష పోతుంది కిరణ్. "నేను మరిస్తే, నా కుడి మరచు గాక." ఒకే క్రియ రెండుసార్లు పడడమే ఆ పాదానికి ప్రాణం. రెండోదాన్ని "ఎండిపోవు" చేస్తే అర్థం బాగుపడి పద్యం చచ్చిపోతుంది.

కిరణ్:
రెండో ధాతువు ఉందనుకుంటే శ్లేష ఇంకా గట్టిపడుతుంది అక్కా. ధ్వని ఒకటి, అర్థం రెండు. యమకం అంటే అదేగా.

ప్రభాకర్, గుంటూరు:
పద్మజ గారి చెవిలో "ఎండిపోవు" ఎలా దూరిందో నాకు తట్టింది. మొదటి రాజులు 13. యరొబాము రాజు బేతేలు బలిపీఠం దగ్గర దైవజనుడిని పట్టుకోమని చెయ్యి చాపితే ఆ చెయ్యి ఎండిపోతుంది. సండే స్కూల్లో బొమ్మ చూపించి మరీ చెప్పే కథ. సువార్తల్లో "ఊచచెయ్యి" గలవాడు కూడా ఉన్నాడు. ఇంకో మాట, యరొబాము చేసిన తప్పేమిటి? జనం యెరూషలేముకు పోకుండా బేతేలులో వేరే గుడి పెట్టాడు. అంటే యెరూషలేమును మరిపించిన చెయ్యి ఎండింది. కీర్తన రాసినవాడి మనసులో ఆ కథ ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
ఊహ బాగుంది ప్రభాకర్. కానీ అక్కడి క్రియ వేరు, "యాబేష్" ధాతువు. కవికి ఆ కథే కావాలంటే ఆ మాటే వాడేవాడు.

అన్వర్, హైదరాబాద్:
అక్షరాల మీద ఇంత కొట్టుకుంటున్నారు, ఇజ్రాయెల్ కవి యెహూదా అమిఖాయ్‌ని ఒక్కరూ తలవలేదేమండీ! ఈ పాదాన్ని పట్టుకుని ఆయన ఒక కవితే రాశాడు. నా కుడి మరిస్తే మరవనీ, నా ఎడమ గుర్తుంచుకుంటుంది అనే ధోరణిలో నడుస్తుంది. 1924లో జర్మనీలోని వ్యుర్ట్స్‌బుర్గ్‌లో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో పాలస్తీనా చేరి, 2000లో పోయేదాకా యెరూషలేములోనే బతికాడు. ఊళ్లోనే ఉన్నవాడికి ఊరిని మరవడం ఎలా ఉంటుందో ఆయనకే తెలియాలి. పైగా హీబ్రూలోనూ కుడి, ఎడమ అంటే రాజకీయాలే.  ఇజ్రాయెల్‌ను ఎన్నో ఏళ్లు ఏలిన ప్రధాని నెతన్యాహు పేరులోనే కుడి ఉంది: బెన్ యామీన్, కుడిచేతి కొడుకు.

శారద:
అమిఖాయ్ గొప్ప కవే, కానీ ఈ విషయంలో నా ఓటు యెహూదా హలేవీకి. పన్నెండో శతాబ్దం, స్పెయిన్. నా గుండె తూర్పున, నేను పడమటి అంచున అన్నవాడు. చెయ్యి, నాలుక కాదు, తినే తిండికి రుచి పోయిందన్నాడు. చివరికి ముసలితనంలో ఓడెక్కాడు కూడా.

కిరణ్:
తూర్పు అన్నారు కాబట్టి ఒక మాట. "యామీన్"కి దక్షిణ దిక్కు అనే అర్థం కూడా ఉంది. "తేమాన్" అదే కుటుంబం. తూర్పుకి తిరిగి నిలబడితే కుడివైపు దక్షిణం. మన "దక్షిణం" కూడా సరిగ్గా ఇంతే, కుడీ అదే, దిక్కూ అదే. వాళ్ల "కెదెం" అంటే తూర్పు, పాతకాలం. మన "పూర్వం" అంటే తూర్పు, పాతకాలం. రెండు భాషలకీ చుట్టరికం లేదు, సూర్యుడు మాత్రం ఒక్కడే.

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
ఇది నేను ఇదే గ్రూపులో ఎప్పుడో రాశాను. సరే, మళ్లీ చెప్పినందుకు సంతోషం. మీరెవరూ ఎత్తనిది ఒకటి చెబుతాను. 1903లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆరో జియోనిస్టు మహాసభ, అంటే యూదులకు సొంత దేశం కావాలన్నవాళ్ల సభ. తూర్పు ఆఫ్రికాలో స్థలం ఇస్తామని బ్రిటిష్‌వాళ్లు ముందుకొచ్చారు, దాన్ని ఉగాండా పథకం అంటారు. రష్యా నుంచి వచ్చిన ప్రతినిధులు భగ్గుమన్నారు. అప్పుడు ఆ ఉద్యమ నాయకుడు హెర్ట్‌సెల్ ముగింపు ప్రసంగంలో కుడిచెయ్యి పైకెత్తి ఈ పాదమే హీబ్రూలో పలికాడు, సీయోనును వదల్లేదని నమ్మించడానికి. మరుసటి ఏడాదే పోయాడు. ఆయన పలికిన "తిష్కఖ్"కి వ్యాకరణం ఎవరూ అడగలేదు!

పద్మజ, ఎడిసన్:
బాబోయ్, ఒక్క పాదం అడిగితే ఇంత వచ్చింది. ఇంకో సంగతి చెప్పాలి. ఆ పెళ్లిలో పాట అయ్యాక, గ్లాసు పగిలే ముందు, వధువు మైకు తీసుకుని రెండు మాటలు చెప్పింది: 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో పోయినవాళ్లని, గాజాలో పోయినవాళ్లని తలుచుకుంటున్నామని. సగం మంది ఊఁ కొట్టారు, సగం మంది తల దించుకున్నారు. ఆ అమ్మాయి మేనమామ భోజనాల దగ్గర మా టేబుల్‌కే వచ్చాడు, మొహం ఎర్రగా ఉంది. యెరూషలేము పాదం పక్కన ఇంకో ఊరి పేరు పెట్టొచ్చా అన్నది ఆయన బాధ. ఆయన కూతురేమో, జ్ఞాపకం చేసుకోవడానికే కదా గ్లాసు పగలగొట్టేది అంటుంది. కేక్ కోసేదాకా అదే టెన్షన్.

అన్వర్, హైదరాబాద్:
మేనమామ బాధ సరే. కీర్తన ఆ ఐదూ ఆరూ పాదాలతో ఆగదండీ. తొమ్మిదో పాదం చదవండి. శత్రువుల పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడని ఉంది. పెళ్లిళ్లలో అక్కడిదాకా ఎవరూ పాడరు. ఆ వధువు మాటకి మూలం ఆ పాడని పాదంలోనే ఉందేమో అనిపిస్తుంది నాకు.

ప్రభాకర్, గుంటూరు:
అన్వర్ భాయ్, ఇది భాషా గ్రూపు. అడ్మిన్ గారు వస్తారు.

అన్వర్, హైదరాబాద్:
రానీండి. "ధన్యుడు" అన్న మాట మీదే మాట్లాడుతున్నా. మొదటి కీర్తనలో దుష్టుల ఆలోచన చొప్పున నడవనివాడు ధన్యుడు, ఇక్కడ పిల్లల్ని కొట్టేవాడు ధన్యుడు. రెండు చోట్లా హీబ్రూలో ఒకటే మాట, "అష్రే". అనువాదకులు ఒక్క అక్షరం మెత్తబరచలేదు. దాన్ని మెచ్చుకోవాలా తిట్టాలా తెలియదు.

శారద:
మెచ్చుకోవాలి. ఏడుపుతో మొదలైన పాట ఎక్కడిదాకా పోగలదో దాచలేదు.

మార్చడం, మార్చకపోవడం అంటే గుర్తొచ్చింది. యూదుల్లో ఇంతకంటే పెద్ద తగవు ఒకటి నడుస్తోంది, "నఖేం" ప్రార్థన మీద. ఆలయం కూలిన రోజు, తిషా బ్‌ఆవ్ మధ్యాహ్నం చదువుతారు. అందులో యెరూషలేమును దుఃఖంలో ఉన్న, పాడుబడిన, నిర్జనమైన పట్టణం అంటారు. 1967 యుద్ధం తర్వాత ఊరంతా ఇజ్రాయెల్ చేతికొచ్చింది, వీధుల్లో నడవడానికి చోటు లేనంత జనం. ఇంకా నిర్జనం అంటే దేవుడి ముందు అబద్ధం కాదా అని ప్రశ్న. తెల్ అవీవ్ ప్రధాన రబ్బీ, అంటే మతగురువు, హయ్యీం దవీద్ హలేవీ తేల్చిన పద్ధతి నాకు చాలా ఇష్టం: ఒక్క క్రియను భూతకాలంలోకి మార్చాడు. పాడుబడి "ఉండిన" పట్టణం. రబ్బీ సొలొవెయ్‌చిక్ వంటివాళ్లు ఒక్క మాటా కదపొద్దన్నారు. ఆలయం లేనంతకాలం ఆ ఊరు పాడుబడినట్టే లెక్క అని.

కిరణ్:
అంటే తగవంతా ఒక "ఉన్న", ఒక "ఉండిన" దగ్గర! ఇది మన గ్రూపులో పడి ఉంటే వెయ్యి కామెంట్లు.

ప్రభాకర్, గుంటూరు:
మా జిల్లా సంగతి ఎవరూ ఎత్తలేదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే తెలుగు యూదులున్నారు. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. చాలామంది మాదిగ కుటుంబాలవాళ్లు, ఒకప్పుడు క్రైస్తవులు. చిన్న సినగాగు, అంటే ప్రార్థనాలయం, ఉంది, నేను చూశాను. మణిపూర్, మిజోరం వైపు బ్నెయి మెనాషే అనేవాళ్లను 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ ఇజ్రాయెల్ సంతతిగా గుర్తించాడు. మనవాళ్లకు ఆ గుర్తింపు రాలేదు. మనం ఇక్కడ మసోరా, ఉగారిత్ అంటున్నాం గానీ, ఈ పాదాన్ని తమ పాదంగా తెలుగులో విన్న యూదులు మన గుంటూరు జిల్లాలోనే ఉన్నారు. వాళ్లకి చిన్నప్పుడు చెవిన పడింది "నేర్పు మరచును గాక"యే.

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
అయితే వాళ్లని అడగాల్సింది ఒకటుంది. రెండో పాదం: "నిరవంజి చెట్లకు మన సితారాలు తగిలించితిమి." ఈ నిరవంజి ఏ చెట్టు?

కిరణ్:
ముందు "తగిలించితిమి" సంగతి తేల్చండి. నేను నెట్‌లో చూస్తే "తగిలించితివిు" అని ఉంది. "తగిలించితివి" అనుకుంటే నువ్వు తగిలించావని అర్థం. దేవుడు తగిలించాడా సితారాలు?

శారద:
అది పాత అచ్చు "మి" కిరణ్. "వి"కి పక్కన కొమ్ము పెట్టి "మి" అనేవారు. "భూవిు" అని చూడలేదా? కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు కంటికి కనిపించినట్టే కొట్టేశారు. నీ సిద్ధాంతం ఫాంటు మీద కట్టావు.

కిరణ్:
మసోరావాళ్లు చేసిందీ ఇంచుమించు అదే కదక్కా, కనిపించినదానికి గుర్తులు పెట్టడం.

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
చెట్టు సంగతి ఎవరూ చెప్పరేం? హీబ్రూలో "అరావీం". మొక్కలకు లాటిన్ పేర్లు పెట్టిన లిన్నేయస్ ఈ కీర్తనను నమ్మి, కొమ్మలు వేలాడే విల్లో చెట్టుకు బబులోను పేరు పెట్టాడు. తీరా చూస్తే అది చైనా చెట్టు. యూఫ్రటీసు ఒడ్డున ఉండేది ఒక రకం పోప్లార్ అంటారు.

పద్మజ, ఎడిసన్:
మాస్టారూ, మా అమ్మమ్మగారి ఊళ్లో ఏటి గట్టున ఉండే చెట్టుని ఏటిపాల అనేవారు. అది విల్లో జాతేనని ఇక్కడికొచ్చాక తెలిసింది. మరి "ఏటిపాల" అని రాయకుండా నిరవంజి ఎందుకు రాశారు?

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
నిరవంజి తమిళం వైపు నుంచి వచ్చిందని నా అనుమానం. అక్కడ "వంజి" అని నీటి ఒడ్డు చెట్టొకటి ఉంది, సంగం పాటల్లో కనిపిస్తుంది. "నీర్" ముందు చేర్చి చూడండి.

ప్రభాకర్, గుంటూరు:
"నీర్" అయితే దీర్ఘం ఏమైంది మాస్టారూ?

సూర్యనారాయణ మాస్టారు, తెనాలి:
దీర్ఘం గురించి వేరే పోస్టు పెడతాను. తమిళం వచ్చినవాళ్లని ట్యాగ్ చెయ్యండి.