ఎవర్‌క్వెస్ట్: ఇన్ని ఏఏలు ఉంటేనే నెక్స్ట్ లెవెల్ అని రూల్ పెడితే?

మబ్బుల_క్లెరిక్:
అందరికీ హాయ్. ఎవర్‌క్వెస్ట్ ఆన్‌లైన్ గేమ్‌లో, ఎక్స్‌పాన్షన్లు (గేమ్‌కి చేర్చే కొత్త భాగాలు) మొదట్నుంచి ఒక్కొక్కటిగా తెరిచే ప్రోగ్రెషన్ సర్వర్‌లో క్లెరిక్ (హీలర్) ఆడుతున్నా, ఇప్పుడు ప్లేన్స్ ఆఫ్ పవర్ ఎక్స్‌పాన్షన్ నడుస్తోంది కాబట్టి లెవెల్ క్యాప్ 65, నాది 65 అయిపోయింది కానీ ఏఏలు (ఆల్టర్నేట్ అడ్వాన్స్‌మెంట్ పాయింట్లు, లెవెల్ కాకుండా విడిగా సంపాదించి అదనపు సామర్థ్యాలు కొనుక్కునేవి) చూస్తే మొత్తం 9, అందులోనూ కొన్ని రన్ స్పీడ్‌కే పెట్టేశా. ముందు లెవెల్ అవ్వనీ, ఏఏలు తర్వాత చూస్కుందాం అని, వచ్చే ఎక్స్‌పీలో (అనుభవ పాయింట్లలో) ఎంత శాతం ఏఏలకి పోవాలో చెప్పే స్లైడర్ దాదాపు చివరిదాకా సున్నా మీదే ఉంచా. మొన్న పొద్దున 6:30కి (వైజాగ్‌లో కూర్చుని అమెరికా వాళ్ళతో ఆడాలంటే అదే టైమ్, వాళ్ళకి అప్పుడు రాత్రి) బాస్టియన్ ఆఫ్ థండర్ అనే జోన్‌లో గ్రూప్ దొరికింది, మూడో పుల్‌కే (శత్రువుల్ని లాక్కురావడానికే) రెండు జెయింట్‌లు కలిసొచ్చాయి, కంప్లీట్ హీల్ స్పెల్ మొదలెట్టా, అదేమో వేయడానికే 10 సెకన్లు, బార్ సగం నిండకముందే ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు తినేవాడు) పడిపోయాడు. చిన్న హీల్స్‌తో మిగతావాళ్ళనైనా కాపాడదామంటే మానా (స్పెల్స్‌కి కావాల్సిన శక్తి) లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ట్యాంక్ మాత్రం "ఏఏలు ఎన్ని?" అని అడిగాడు, 9 అని టైప్ చేయడానికి చేతులు రాలేదు.
అప్పట్నుంచీ ఒకటే ఆలోచన, గేమే నన్ను ఆపుండొచ్చు కదా? 60 దాటాలంటే ఇన్ని ఏఏలు, 65కి ఇన్ని అని. మీరేమంటారు?

షీల్డ్‌వాల్:
నేను వారియర్ ఆడతా, నా ఓటు అలాంటి గేట్‌కే. మనం గ్రూప్‌కి జనాన్ని పిలిచేది /హూ కమాండ్ కొట్టి, అక్కడ కనపడేది లెవెల్, క్లాస్ లాంటివే, ఎన్ని ఏఏలో కనపడదు. దెబ్బలు తట్టుకునే ఏఏలు, కంబాట్ స్టెబిలిటీ, కంబాట్ ఎజిలిటీ, లేని 65 వారియర్, అవి నిండా ఉన్న 65 వారియర్ ఒకటే జెయింట్ ముందు నిలబడితే వేరే వేరే క్లాసుల్లా ఉంటారు. లెవెల్ అనే నంబర్‌కి విలువ ఉండాలి కదా భయ్యా.

పాత_బార్డ్:
షీల్డ్‌వాల్ చెప్పిన సమస్య నిజమే, మందు మాత్రం అది కాదు అంటాను. 2001 డిసెంబర్‌లో లూక్లిన్ ఎక్స్‌పాన్షన్‌తో ఏఏలు వచ్చినప్పుడు కూడా గేట్లు ఉండేవి, కానీ అటువైపు. లెవెల్ 51కి జనరల్ ఏఏలు, 55కి ఆర్కిటైప్ ఏఏలు, 59కి క్లాస్ ఏఏలు, అంటే లెవెల్ ఏఏని తెరిచేది, ఏఏ ఎప్పుడూ లెవెల్‌ని మూయలేదు. ఎవర్‌క్వెస్ట్ 2లో రివర్స్ చేశారు, అక్కడ లెవెల్ 90లు వచ్చాక 280 ఏఏలు లేకపోతే లెవెల్ ముందుకు కదిలేది కాదు. నాకు అది నచ్చలేదు. నీకు స్పెల్స్ వచ్చేది లెవెల్‌తో తల్లీ, లెవెల్ ఆపితే కొత్త హీల్స్ కూడా ఆగిపోతాయి, ఏఏలు లేక ఒక దెబ్బ, స్పెల్ లేక ఇంకో దెబ్బ. పైగా ఫ్రెండ్స్ కంటే ఆర్నెల్లు లేటుగా మొదలెట్టినవాడు వాళ్ళ దగ్గరికి ఎప్పుడు చేరాలి? లైవ్ సర్వర్లలో మెంబర్‌షిప్ ఉంటే పాత ఎక్స్‌పాన్షన్ల ఏఏలు లెవెల్‌తో పాటు వాటంతట అవే వచ్చేస్తాయి, నాకది ఇంకా మర్యాదైన పద్ధతి అనిపిస్తుంది, ఎవర్నీ గుమ్మం దగ్గర నిలబెట్టదు.

షీల్డ్‌వాల్:
స్పెల్స్ పాయింట్ నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. మాకు లెవెల్‌తో వచ్చేది తక్కువ కదా, అందుకే తట్టలేదు. అయితే కనీసం 60 దాటాక స్లైడర్ సున్నాకి దింపనివ్వకూడదు, ఎక్స్‌పీలో పావు వంతైనా ఏఏకి పోవాలి. అప్పుడు ఎవరి లెవెలూ ఆగదు.

రాత్రిడ్యూటీ:
రూల్స్ సంగతి తర్వాత, ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. క్లెరిక్ గారూ, 65లోకి కొంచెం ఎక్స్‌పీ ఎక్కించుకుని అప్పుడు స్లైడర్ 100కి లాగండి, ఎందుకంటే చచ్చిపోతే పోయేది లెవెల్ ఎక్స్‌పీనే, ఏఏ వైపు పోసింది పోదు. లెవెల్ ఎక్స్‌పీ బార్ అడుగున ఉండగా చచ్చారంటే 64కి జారతారు. తర్వాత ఏఏల్లో ముందు మానా త్వరగా నింపే మెంటల్ క్లారిటీ, ఆ వెంటనే హీల్స్ బలం పెంచే హీలింగ్ అడెప్ట్. మానా టిక్ (మానా తిరిగి నిండే క్షణం) 6 సెకన్లకోసారి కదా, మెంటల్ క్లారిటీ ర్యాంక్‌కి టిక్‌కి ఒక్క పాయింటే అని తీసిపారేయకండి, మూడు ర్యాంకులైతే 10 నిమిషాలకి 300 మానా.

మబ్బుల_క్లెరిక్:
థ్యాంక్యూ అందరికీ. షీల్డ్‌వాల్ గారి పావు వంతు ఐడియా నాకు బాగా నచ్చింది, అది ఉండుంటే నాకు ఈపాటికి ఎన్నో ఏఏలు ఉండేవి. బార్ 20 శాతం దాకా ఎక్కించి స్లైడర్ 100కి పెట్టా, ఇవాళ పొద్దున 2 వచ్చాయి. ఆ ట్యాంక్‌కి టెల్ (గేమ్‌లో ప్రైవేట్ మెసేజ్) పంపా, 9 అని నిజమే చెప్పా, రేపు ఈజీ క్యాంప్‌కి వెళ్దాం రమ్మన్నాడు.