డింగీలో గాలి విసురు రాగానే చేతులు బిగుసుకుపోతున్నాయి, ఏం చేయాలి?

కొత్తచుక్కాని:
అందరికీ నమస్కారం. ఈమధ్యే సెయిలింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇద్దరు పట్టే చిన్న డింగీ, ఒకే తెరచాప. గాలి మెల్లగా ఉన్నంతసేపూ బాగానే నడుపుతున్నాను. పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి దిక్కు మార్చే ట్యాకింగ్ కూడా వచ్చేసింది. కానీ ఉన్నట్టుండి ఒక విసురు తగిలి పడవ పక్కకు ఒరిగిందంటే చాలు, తాడు పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోతుంది. నేను ఎంత గట్టిగా పట్టుకుంటే పడవ అంత ఎక్కువ ఒరుగుతోంది. ఈత వచ్చు కానీ లోతు నీళ్లు అలవాటు లేదు. బోల్తా పడితే తెరచాప కింద ఇరుక్కుపోతానేమో అన్నదే అసలు టెన్షన్. త్వరలో ఒంటరిగా నడపమంటారట. ఈలోగా ఏం ప్రాక్టీసు చేయాలి? లైఫ్ జాకెట్ ఎలాంటిది తీసుకోవాలి?

గాలివాటం:
కొత్తచుక్కాని గారూ, నేను డింగీ సెయిలింగ్ నేర్పిస్తాను. మీరు చెప్పిన చెయ్యి బిగుసుకుపోవడం కొత్తవాళ్లలో దాదాపు అందరిలోనూ చూస్తాను. ఒరిగిపోతున్నప్పుడు మనిషి ఏది దొరికితే అది పట్టుకుంటాడు, అది సహజం. పడవలో ఆ క్షణాన చేతిలో ఉండేది తెరచాపని లాగే తాడు, అంటే మెయిన్‌షీటు. దాన్ని లాగితే తెరచాప లోపలికి వచ్చి ఇంకా ఎక్కువ గాలి పడుతుంది. అంటే ఒడ్డు మీద మనల్ని కాపాడే అలవాటే పడవలో మనల్ని నీళ్లలో పడేస్తుంది.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకి ముందు పడవని ఆపడం నేర్పిస్తాను, నడపడం ఆ తర్వాతే. గాలి మీకు పక్క నుంచి తగిలేలా పడవని పెట్టండి. షీటు పూర్తిగా వదిలేయండి. తెరచాప గాలి పోయే వైపుకి వెళ్లి రెపరెపలాడుతుంది, పడవ వేగం తగ్గి ఆగిపోతుంది. అలాగే కాసేపు కూర్చోండి. చప్పుడు భయపెడుతుంది కానీ అది ప్రమాదం కాదు, తెరచాపలో బలం లేదని చెప్పే చప్పుడు అది. మళ్లీ మెల్లగా లాగండి, కదలండి, మళ్లీ వదలండి. ఆలోచించకుండానే చెయ్యి తెరుచుకునేదాకా ఇదొక్కటే చేయండి. షీటుని చేతికి చుట్టుకోవద్దు. విసుర్లున్న రోజు తాడుని బిగించి ఉంచే కొక్కెంలో, అంటే క్లీట్‌లో బిగించి వదిలేయొద్దు.

విసురు చెప్పకుండా రాదు. గాలి వచ్చే వైపు నీటిని చూస్తూ ఉండండి. చిన్న చిన్న ముడతలతో నల్లగా ఒక మచ్చ మీ వైపు జరిగి వస్తుంటే అదే విసురు. అది తగలడానికి ఒక్క క్షణం ముందు ఒక మూర షీటు వదిలి, ఒంటిని బయటికి వాల్చండి. చుక్కానిని తిప్పే కర్ర, అంటే టిల్లర్‌ని కొద్దిగా తెరచాప వైపు నెడితే పడవ ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది, ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. గాలి 8 నాట్ల (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కి.మీ.) నుంచి 12 నాట్లకి పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే, కానీ తెరచాప మీద పడే బలం రెండింతలు దాటుతుంది. కొత్తవాళ్లని బెంబేలెత్తించేది ఇదే.

ఒక్క జాగ్రత్త. గాలి సరిగ్గా వెనక నుంచి వస్తున్నప్పుడు షీటు వదిలినా పెద్దగా లాభం ఉండదు. తెరచాప అడుగు అంచుని పట్టి ఉండే అడ్డకర్ర, అంటే బూమ్, అప్పటికే బయటికి వెళ్లి ఆగిపోయి ఉంటుంది. అప్పుడు ఒళ్లు కిందికి వంచి కూర్చుని, టిల్లర్ కదపకుండా నిలకడగా పట్టుకోండి. అనుకోకుండా జైబ్ అయితే, అంటే గాలి తెరచాప వెనక వైపు పట్టి దాన్ని అవతలి పక్కకి తిప్పేస్తే, బూమ్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తల ఎత్తులో దూసుకొస్తుంది. సెయిలింగ్‌లో తలకి పెద్ద దెబ్బలు తగిలే సందర్భాల్లో ఇదొకటి. మొదట్లో గాలికి నేరుగా వీపు పెట్టకుండా, కొంచెం పక్కకి నడపడమే మేలు.

ఇక బోల్తా సంగతి. సేఫ్టీ బోటు పక్కనుండగా, గాలి తక్కువున్న రోజు కావాలనే బోల్తా కొట్టించండి. మీ భయానికి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు. నీళ్లలో పడగానే ముందు పడవని పట్టుకోండి, తర్వాత తోటి మనిషి ఎక్కడున్నాడో చూడండి, పేరు పెట్టి పిలవండి. షీటు క్లీట్‌లో ఉంటే విడిపించండి. ఒక చేత్తో పడవని తాకుతూనే వెనక భాగం చుట్టూ అడుగు వైపుకి వెళ్లండి. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలక, అంటే సెంటర్‌బోర్డు మీదికి ఎక్కి, పడవకి దగ్గరగా పాదాలు పెట్టి నిలబడండి. బోర్డు చివర నిలబడితే అది విరిగిపోవచ్చు. తాడు పట్టుకుని చేతులు చాచి వెనక్కి వాలండి. మొదట ఏమీ కదలనట్టే ఉంటుంది. తెరచాప నిండా నీరు కదా, అది జారిపోవడానికి టైమ్ పడుతుంది. లాగకండి, బరువు మోపి ఆగండి. తెరచాప అంచు నీటి పైకి తేలగానే పడవ ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు వెంటనే పడవ అంచు పట్టుకోవాలి. ముక్కు గాలికి ఎదురుగా ఉంటే ఈ పని సగం తేలిక.

తెరచాప కింద చిక్కుకుంటే చెయ్యి పైకెత్తి గుడ్డని నెట్టండి. తడి గుడ్డ పైకి లేచి ముఖం పట్టేంత గాలి సందు వస్తుంది. ఊపిరి తీసుకున్నాక చేతికి తగిలిన ఒక కుట్టు పట్టుకుని ఒకే దిక్కున పోతే అంచు వచ్చేస్తుంది. ఇది కూడా ఉద్దేశపూర్వకంగా ప్రాక్టీసు చేయిస్తారు, అడగండి.

ఎన్నిసార్లు ప్రయత్నించినా పడవ లేవకపోతే దాని మీదికెక్కి కూర్చుని విజిల్ వేయండి. రెండు చేతులూ పక్కలకి చాచి మెల్లగా పైకీ కిందికీ ఊపితే అది అంతర్జాతీయంగా గుర్తించే ఆపద సంకేతం. ఒడ్డు దగ్గరగా కనిపిస్తోంది కదా అని పడవని వదిలి ఈదకండి. నీటి మీద దూరం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. పైగా వెతికేవాళ్లకి పడవ కనిపించినంత సులువుగా మనిషి తల కనిపించదు.

నీలికెరటం:
జాకెట్ సంగతి నేను చెప్తాను. డింగీకి 50 న్యూటన్ల (మనిషిని తేల్చే బలానికి కొలత) తేలికపాటి రకం వాడతారు. ఈదగలిగినవాళ్లకి, సాయం దగ్గరలో ఉన్నప్పుడు అది సరిపోతుంది, చేతులు కదపడానికీ వీలుగా ఉంటుంది. కానీ స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పుతుందని నమ్మకం పెట్టుకోలేం. అందుకు 150 న్యూటన్ల రకం కావాలి, పెద్ద పడవల్లో, తీరానికి దూరంగా వెళ్లేవాళ్లు అదే వేసుకుంటారు. నీళ్లు తగలగానే దానంతటదే ఉబ్బే రకం డింగీకి పనికిరాదు, పడ్డ ప్రతిసారీ ఉబ్బి కూర్చుంటుంది. కొనేటప్పుడు బిగించుకుని, ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి వచ్చేస్తే అది మీ సైజు కాదు.

నీరు చల్లగా ఉండే చోటైతే ఒంటి వేడి నిలిపే వెట్‌సూట్ తప్పనిసరి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి మన మాట వినదు, గబగబా ఎగపీల్చేస్తాం. ఆ మొదటి నిమిషం ఈదే ప్రయత్నం చేయకుండా జాకెట్ మీద తేలుతూ ఉండాలి. ఊపిరి సర్దుకున్నాకే పడవ సంగతి.

కొత్తచుక్కాని:
ఇద్దరికీ చాలా థాంక్స్. షీటు వదిలి ఆపడం ఈ వారమే మొదలుపెడతాను. ఇంకొక్కటి. ఒంటరిగా వెళ్లే మొదటి రోజు గాలి ఎంత ఉంటే సరే అనుకోవాలి? పడవ తలకిందులుగా తిరగబడకుండా ఏమైనా చేయొచ్చా?

గాలివాటం:
గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ స్కేలు మీద 2, అంటే 4 నుంచి 6 నాట్లు ఉన్న రోజు మొదలుపెట్టండి. 3వ అంకె, అంటే 7 నుంచి 10 నాట్లలో అక్కడక్కడా తెల్లటి నురగ కనిపించడం మొదలవుతుంది. ఎటు చూసినా నురగే ఉంటే అది 4 దగ్గరికి వచ్చినట్టు, ఆ రోజు ఒంటరిగా వద్దు. రీఫింగ్ (తెరచాప సైజు తగ్గించే ఏర్పాటు) ఉన్న పడవైతే తెరచాపని ఒడ్డు మీదే తగ్గించుకుని బయల్దేరండి, నీళ్లలోకి వెళ్లాక ఆ పని రెండింతలు కష్టం.

వేగం కన్నా నేను ముందు చూసేది దిక్కు. నేల మీద నుంచి నీటి వైపు వీచే గాలి మోసపూరితమైనది. ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, దూరం పోయేకొద్దీ గాలి పెరుగుతుంది. ఏ చిన్న తేడా వచ్చినా అది మిమ్మల్ని లోపలికే నెడుతుంది. అలాంటి రోజు సేఫ్టీ బోటు నీళ్లలో లేకపోతే బయల్దేరకండి. మామూలు రోజుల్లో కూడా ముందు గాలికి ఎదురుగా వెళ్లండి. అలసిపోయాక తిరుగు ప్రయాణం తేలిగ్గా ఉంటుంది. ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి.

తలకిందులవకుండా తెరచాప కొయ్య పైచివర గాలి నింపిన బుడ్డి కడతారు. రేసుల్లో వద్దంటారు గానీ నేర్చుకునేవాళ్లకి చాలా మంచిది. పడవ పక్కకి పడి అక్కడే ఆగుతుంది, సెంటర్‌బోర్డు చేతికి అందుతుంది. మీ పడవకి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పెట్టమని అడగండి.