"పైవిచారణ" అంటే ఎవరి విచారణ? విదేశాల్లోని ఆంగ్లికన్ సంఘాలకు తెలుగు మాటలు

జిజ్ఞాసువు:
యూరప్‌లోని ఆంగ్లికన్ సంఘాల మీద ఒక పరిచయ వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇంగ్లండ్ చర్చికి యూరప్ ఖండంలో ఒక డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల పరిధి) ఉంది. అందులోని సంఘాలను "చాప్లెన్సీ" అంటారు, అవన్నీ బిషప్ కనుసన్నల్లో నడుస్తాయి. ఈ కనుసన్నలకు ఏ మాట వాడాలి? పర్యవేక్షణ, అజమాయిషీ, పైవిచారణ మూడూ రాసి కొట్టేశాను. చాప్లెన్సీని "విచారణ" అనవచ్చా, మన దక్షిణ ఇండియా సంఘంలో ఒక పాదిరి బాధ్యతలోని పరిధిని పిలిచినట్టు "పాస్టరేట్" అనాలా?

డోర్నకల్ వాసి:
పైవిచారణే రాయండి. మొదటి పేతురు 5:2లో "మీ మధ్యనున్న దేవుని మందను పైవిచారణ చేయుచు దానిని కాయుడి" అని ఉంది. అక్కడి గ్రీకు మాట, బిషప్ అనే మాట ఒకే ధాతువు నుంచి వచ్చినవి. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఆ మాట లేదు గాని, మన తెలుగు బైబిలు దాన్ని ఉంచింది. అదే పత్రిక 2:25లో క్రీస్తును "మీ ఆత్మల కాపరియు అధ్యక్షుడును" అన్నారు. ఆ "అధ్యక్షుడు" కూడా ఆ ధాతువుదే. అంటే పైవిచారణ చేసేవాడే అధ్యక్షుడు, అతనే బిషప్. అజమాయిషీ అంటే కచేరీ పెత్తనం గుర్తొస్తుంది. పర్యవేక్షణ అంటే రోడ్డు పనులు చూసే ఇంజనీరు గుర్తొస్తాడు. పేతురు రాసిన వాక్యంలో "కాయుట" పక్కనే ఉంది కాబట్టి పైవిచారణలో ఆ రెండు వాసనలూ లేవు.

చాప్లెన్సీని విచారణ అనడం మాత్రం వద్దండీ. మన కతోలికుల వాడుకలో విచారణ అంటే ఒక గురువుగారి బాధ్యతలో ఉండే, హద్దులున్న ప్రాంతం. వాళ్ళ డయాసిస్ మేత్రాసనం, బిషప్ పీఠాధిపతి. ఆ మాటలు తెచ్చి ఆంగ్లికన్ల మీద పెడితే చదివేవారు రోమన్ కతోలిక సంఘం అనుకుంటారు.

బ్రస్సెల్స్ తెలుగు:
హద్దుల సంగతే ఇక్కడ అసలు కీలకం. ఇంగ్లండ్‌లో ప్రతి ఇల్లూ ఏదో ఒక పారిష్ పరిధిలోకి వస్తుంది. ఆ ఇంట్లో వాళ్ళు ఏ మతం వారైనా సరే, పెళ్ళికో అంత్యక్రియకో పారిష్ పాదిరిని అడిగే హక్కు చట్టప్రకారం ఉంటుంది. యూరప్ డయాసిస్‌లో పారిష్‌లు లేవు. చాప్లెన్సీ అంటే ఒక ఊళ్ళో గుమిగూడి ఆరాధించే జనం, అంతే. దానికి చెందడమంటే ఎలక్టోరల్ రోల్‌లో, అంటే సంఘపు ఓటర్ల జాబితాలో, పేరుండడం. పదహారేళ్ళు నిండి, బాప్తిస్మం పొంది, ఆరు నెలలుగా క్రమంగా ఆరాధనకు వస్తున్నవారు దరఖాస్తు ఇచ్చి పేరు రాయించుకుంటారు. దక్షిణ ఇండియా సంఘం (సిఎస్‌ఐ) ఆంగ్లికన్ సహవాసంలో పూర్తి సభ్యసంఘం కాబట్టి సిఎస్‌ఐ సభ్యులకు ఇందులో అడ్డేమీ ఉండదు.

రోల్‌లో పేరున్నవారే వార్షిక సమావేశంలో ఓటు వేస్తారు. ఇద్దరు చర్చివార్డెన్లను, చాప్లెన్సీ కౌన్సిల్‌ను ఎన్నుకుంటారు. మన పాస్టరేట్ కమిటీకి దగ్గరి పోలిక ఈ కౌన్సిలే. కాని చర్చివార్డెన్లు దానికి అదనం. వాళ్ళు బిషప్‌కు జవాబుదారీ అయిన అధికారులు, కేవలం కమిటీ సభ్యులు కారు. "సంఘ పెద్ద" అని అనువదిస్తే ఈ తేడా పోతుంది. చర్చివార్డెన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి.

పైకి వెళ్తే ఆర్చిడీకన్, అంటే బిషప్ తరఫున ఒక ప్రాంతపు చాప్లెన్సీలను చూసే పాదిరి. డయాసిస్ మొత్తాన్ని ఏడు ఆర్చిడీకన్రీలుగా విభజించారు. ఫ్రాన్స్ ఒకటి, స్విట్జర్లాండ్ ఒకటి, ఇటలీ, మాల్టా కలిపి ఒకటి, ఇలా. వాటి పైన బిషప్, ఆయనకు సహాయంగా ఒక సఫ్రగన్ బిషప్. డయాసిస్ అధికారిక పేరు "యూరప్‌లోని జిబ్రాల్టర్". ప్రధాన కెథడ్రల్ (బిషప్ పీఠమున్న చర్చి) జిబ్రాల్టర్‌లోని హోలీ ట్రినిటీ. మాల్టాలో వాలెట్టాలోని సెయింట్ పాల్స్, బ్రస్సెల్స్‌లోని హోలీ ట్రినిటీ ప్రో-కెథడ్రల్‌లు, అంటే కెథడ్రల్ హోదాలో వాడే చర్చిలు. పేరు యూరప్ అయినా మొరాకో, టర్కీ కూడా దీని పరిధిలోవే. ఇదంతా కాంటర్‌బరీ ప్రావిన్సులో, అంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కింది డయాసిస్‌ల సమూహంలో, భాగం. అంటే చట్టం దృష్టిలో ఇది ఇంగ్లండ్ చర్చి డయాసిసే, వేరే సంఘం కాదు.

నిఘంటు ప్రియ:
"చాప్లిన్" అనగానే మనకు సైన్యం, ఆసుపత్రి, జైలు గుర్తొస్తాయి. యూరప్‌లో ఆ మాట నిలబడడానికి చరిత్రే కారణం. 1633లో ఇంగ్లండ్ రాజు సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ఆజ్ఞతో విదేశాల్లోని ఇంగ్లీషు వర్తకుల ఆరాధనా సమూహాలు లండన్ బిషప్ కిందికి వెళ్ళాయి. వర్తక సంఘం తన పాదిరిని తానే పోషించేది, కాబట్టి ఆయన ఊరి పాదిరి కాడు, ఆ సమూహానికి చాప్లిన్. 1825 చట్టంతో బ్రిటిష్ కాన్సల్ ఉన్న ఊళ్ళో సంఘస్థులు ఎంత పోగుచేస్తే ప్రభుత్వం అంతే కలిపేది. 1842లో జిబ్రాల్టర్ డయాసిస్ ఏర్పడి మధ్యధరా తీరం ఆ బిషప్ కిందికి వచ్చింది. ఉత్తర, మధ్య యూరప్ మాత్రం లండన్ బిషప్ కిందే ఉండిపోయింది. 1926 నుంచి ఆయన తరఫున ఫుల్హామ్ బిషప్ ఆ సంఘాలను చూసేవారు. 1980లో ఆ రెండు ముక్కలూ కలిసి నేటి డయాసిస్ అయ్యాయి.

ఇదే ఏర్పాటు మన దగ్గరా నడిచింది. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ (1813), బొల్లారం హోలీ ట్రినిటీ (1847) దండు కోసం కట్టిన చర్చిలు. అక్కడి పాదిర్లకు జీతం ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చేది, వాళ్ళ హోదా చాప్లినే. అదే కాలంలో పల్లెల్లో మిషనరీలు నడిపిన తెలుగు సంఘాలకు పోషణ వేరు, లెక్కలు వేరు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య గారు డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులైనప్పుడు ఆయన ప్రధానంగా చూసుకోవలసినవి ఆ తెలుగు సంఘాలే. కాబట్టి చాప్లిన్ అన్న మాట వెనుక "జీతం ఎవరిస్తారు" అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. దాన్ని "పురోహితుడు" అని చదును చేయకండి.

జిజ్ఞాసువు:
చాలా స్పష్టమైంది. మరి నేడు జీతం ఎవరిస్తున్నారు? బిషప్ పైవిచారణ అంటే డబ్బు కూడా అక్కడినుంచే వస్తుందా?

బ్రస్సెల్స్ తెలుగు:
రాదండీ. చాప్లెన్సీ తన చాప్లిన్ జీతం, ఇల్లు, పింఛను వాటా తానే భరించాలి. పైగా డయాసిస్ నిధికి ఏటా వాటా పంపాలి. పైవిచారణ పైనుంచి కిందికి, డబ్బు కిందనుంచి పైకి. బెల్జియం మినహాయింపు. అక్కడ ఆంగ్లికన్ మతం ప్రభుత్వ గుర్తింపు పొందిన మతాల్లో ఒకటి కాబట్టి గుర్తింపు ఉన్న చాప్లిన్లకు రాజ్యమే జీతమిస్తుంది.

ఇంకో చిక్కు. డయాసిస్ ఇంగ్లండ్ చర్చి చట్టం కింద ఉన్నా, ప్రతి చాప్లెన్సీ ఆ దేశపు చట్టం కింద కూడా నమోదు కావాలి. ఫ్రాన్స్‌లో 1905 చట్టం ప్రకారం ఆరాధన కోసం పెట్టిన సంఘం ఆరాధన పనులే చేయాలి. అదే బ్యాంకు ఖాతా నుంచి గ్రంథాలయమో భాషా తరగతులో నడిపితే ఆడిట్‌లో తంటా. అందుకని 1901 చట్టం కింద ఇంకో సంఘాన్ని విడిగా పెట్టుకుంటారు. స్ట్రాస్‌బూర్గ్ ఉన్న అల్సాస్‌లో మళ్ళీ 1905 చట్టం వర్తించదు. జర్మనీలో కొన్ని చాప్లెన్సీలు రిజిస్టర్డ్ సొసైటీగా నడుస్తాయి. కాబట్టి "సంఘం" అన్న ఒకే తెలుగు మాట మీ వ్యాసంలో మూడు అర్థాల్లో వస్తుంది: ఆరాధించే జనం, చట్టం ముందు నమోదైన సొసైటీ, మొత్తం చర్చి. మొదటిదానికి సంఘం, రెండోదానికి సొసైటీ, మూడోదానికి చర్చి అని ఖాయం చేసుకోండి. లేకపోతే ఆస్తి ఎవరిది అన్న పేరా ఎవరికీ అర్థం కాదు.

వివాహం కూడా చూసుకోండి. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీలలో చాప్లిన్ చేయించే పెళ్ళికి చట్టబద్ధత లేదు. ముందు పురపాలక కార్యాలయంలో సివిల్ వివాహం, ఆ తర్వాతే చర్చిలో ఆశీర్వాద ఆరాధన. ఫ్రాన్స్‌లో పాదిరి ఈ వరస పదేపదే తప్పితే అది నేరం కిందికి వస్తుంది. అందువల్ల "చాప్లిన్ వివాహాలు జరిపించును" అని రాస్తే తప్పు.

నిఘంటు ప్రియ:
చాప్లిన్ లేని కాలానికి ఏ మాట? ఇంగ్లీషులో దాన్ని రాజు లేని కాలంతో పోల్చి చెప్తారు.

డోర్నకల్ వాసి:
"ఖాళీ కాలం" చాలు. ఆ నెలల్లో బాధ్యత చర్చివార్డెన్లది, వారికి తోడు ఆర్చిడీకన్. ఆరాధనలు ఆగకుండా రిటైరైన పాదిర్లు కొన్ని వారాలకోసారి వంతులవారీగా వస్తారు, వాళ్ళనే లోకమ్ అంటారు. గడబిడ జరిగేది ఇక్కడే. కౌన్సిల్ తమకు తెలిసిన పాదిరిని నేరుగా పిలుస్తుంది, ఆయన వచ్చి దిగుతాడు, బిషప్ అనుమతిపత్రం మాత్రం ఉండదు. అది లేనిదే బల్లారాధన (రొట్టె, ద్రాక్షారసం ప్రతిష్ఠించి పంచే ఆరాధన) జరిపించకూడదు. అనుమతిపత్రానికి ముందు పిల్లల భద్రతకు సంబంధించిన తనిఖీలు పూర్తి కావాలి, వాటికి సమయం పడుతుంది. బ్రెగ్జిట్ తర్వాత ఇంకో అడ్డు: బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ దేశాల్లో వీసా లేకుండా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. పైగా ఆ 90 రోజుల్లో పని చేయవచ్చా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

సిఎస్‌ఐ ప్రెస్బిటర్ (పాదిరి) వెళ్ళి సేవ చేయాలంటే బిషప్ లైసెన్సుతో పాటు, విదేశీ పాదిర్ల గురించిన ఇంగ్లండ్ చర్చి 1967 చట్టం ప్రకారం కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అనుమతి కూడా కావాలి. పాదిరి దొరకని ఆదివారం లైసెన్సున్న రీడర్ (పాదిరి కాని, ఆరాధన నడిపేందుకు అనుమతి ఉన్న సంఘస్థుడు) ఉదయ ప్రార్థన నడపవచ్చు. ముందే ప్రతిష్ఠించి ఉంచిన రొట్టె, ద్రాక్షారసం పంచాలంటే మాత్రం దానికి బిషప్ ప్రత్యేకంగా అనుమతించాలి. పైవిచారణ అంటే ఏమిటో ఈ ఒక్క నియమంలోనే కనిపిస్తుంది. బల్ల దగ్గర ఎవరు నిలబడాలో నిర్ణయించే బాధ్యత అది.

గల్ఫ్ పాఠకుడు:
గల్ఫ్‌లో మన తెలుగు సంఘాలు చాలా చోట్ల ఆంగ్లికన్ చర్చి ఆవరణలోనే కూడుకుంటాయి. అవి కూడా ఈ డయాసిస్ కిందివేనా?

బ్రస్సెల్స్ తెలుగు:
కావు. అక్కడిది సైప్రస్, గల్ఫ్ డయాసిస్. 1976లో ఏర్పడింది, ఇంగ్లండ్ చర్చిలో భాగం కాదు. జెరూసలేము, మధ్యప్రాచ్య ప్రావిన్సుకు చెందింది. కెథడ్రల్‌లు రెండు: నికోసియాలో సెయింట్ పాల్స్, బహ్రెయిన్‌లోని మనామాలో సెయింట్ క్రిస్టఫర్స్. ప్రభుత్వం స్థలమిచ్చి అనుమతించిన ఆవరణ తక్కువ కాబట్టి దుబాయ్ హోలీ ట్రినిటీ, అబుదాబి సెయింట్ ఆండ్రూస్ వంటి చోట్ల ఎన్నో భాషల, ఎన్నో శాఖల సంఘాలు వేళలు పంచుకుంటాయి. హాలు అద్దెకు తీసుకున్నంత మాత్రాన ఆ బిషప్ పైవిచారణలోకి వచ్చినట్టు కాదు. ఆవరణ నియమాలు అందరికీ వర్తిస్తాయి. పాదిరిని నియమించేది, బాప్తిస్మపు రిజిస్టరు రాసేది, ధ్రువపత్రం ఇచ్చేది ఆ సంఘం తాలూకు శాఖే. బాప్తిస్మపు పత్రం కావాలనుకునేవారు ఆవరణ కార్యాలయం చుట్టూ తిరగకుండా ముందు ఇది తేల్చుకోవాలి.

యూరప్‌లోనూ ఒకే ఊళ్ళో రెండు ఆంగ్లికన్ పైవిచారణలు ఉండవచ్చు. పారిస్‌లోని అమెరికన్ కెథడ్రల్ అమెరికా ఎపిస్కోపల్ చర్చిది. స్పెయిన్, పోర్చుగల్‌లలో ఆ దేశాల సొంత ఆంగ్లికన్ చర్చిలు వేరే ఉన్నాయి.

జిజ్ఞాసువు:
సవరించాను: "యూరప్ డయాసిస్‌లోని ప్రతి చాప్లెన్సీ తన ఖర్చు తానే భరిస్తూ, చర్చివార్డెన్లు, కౌన్సిల్ ద్వారా తన వ్యవహారాలు నడుపుకుంటూ, బిషప్ పైవిచారణలో ఉంటుంది. చాప్లిన్‌ను బిషప్ ఎంపిక చేసి పంపుతారు."

డోర్నకల్ వాసి:
మొదటి వాక్యం బాగుంది. రెండోది మార్చండి. ఖాళీ ఏర్పడితే చాప్లెన్సీ తన అవసరాలు వివరిస్తూ ఒక పత్రం తయారు చేస్తుంది, ప్రకటన వేస్తారు, ఇంటర్వ్యూలో సంఘం ప్రతినిధులు కూర్చుంటారు. కొన్ని చాప్లెన్సీల్లో అభ్యర్థిని ప్రతిపాదించే హక్కు ఇంటర్‌కాంటినెంటల్ చర్చ్ సొసైటీ వంటి పోషక సంస్థలకు ఉంది. కాబట్టి "ఎంపికలో సంఘానికీ వాటా ఉంటుంది, సేవకు లైసెన్సు ఇచ్చేది మాత్రం బిషప్" అని రాయండి.