బధిర పిల్లలకు చదువు చెప్పడానికి కెన్యాలో శిక్షణ: పనికొస్తుందా?

నాగావళి గట్టు
మాది శ్రీకాకుళం. మా చెల్లి వినికిడి లోపం ఉన్న పిల్లలకు చెప్పే స్పెషల్ బీఈడీ పూర్తిచేసింది. కెన్యాలో ఒక బధిరుల బడిలో ఏడాదిపాటు వాలంటీరు టీచరుగా అవకాశం వచ్చింది. ముందు అక్కడి సైగల భాషలో శిక్షణ ఇస్తారు. తిండీ వసతీ వాళ్ళవే, జీతం ఉండదు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. తిరిగొచ్చాక ఇక్కడి పిల్లలకి అది పనికొస్తుందా?

బొబ్బిలి నాన్న
రాదు. మా బాబుకి పుట్టుకతోనే వినపడదు. అమెరికాలో నేర్చుకొచ్చిన వాలంటీరు ఒకావిడ వాడి బడిలో కొన్నాళ్ళు చెప్పింది. మంచి మనిషే, కాదనను. కానీ ఇంగ్లిషు అక్షరాలు ఒంటిచేత్తో నేర్పింది. కెన్యాలోనూ ఒంటిచెయ్యే. మన దగ్గర రెండు చేతులూ వాడతారు. బొటనవేలి కొస తాకితే ‘ఏ’, చూపుడువేలి కొస తాకితే ‘ఈ’, మధ్యవేలు ‘ఐ’. ఆవిడ వెళ్ళిపోయాక వచ్చిన టీచరు ‘ఏ’ చూపించమంటే మావాడు పిడికిలి బిగించి చూపించేవాడు. తిట్లు తిన్నాడు. ఆ ఏడాది చదువు గంగలో కలిసింది.

కోట జంక్షన్
అక్షరాలు ఇరవైఆరు. శ్రద్ధ ఉన్న టీచరుకి వాటిని మార్చుకోవడం ఓ లెక్క కాదు. కెన్యాని తక్కువ చెయ్యకండి. 2010 నాటి వాళ్ళ రాజ్యాంగం పార్లమెంటు అధికార భాషల్లో కిస్వాహిలీ, ఇంగ్లిషులతోపాటు కెన్యా సైగల భాషనీ చేర్చింది. మన ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి, సైగల భాష లేదు. నేనూ స్పెషల్ బీఈడీ చేశాను. మా కాలేజీలో సైగలంటే పుస్తకంలో బొమ్మలే. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు పిల్లలు చకచకా చేతులు కదుపుతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. టీచరు సైగల్లోనే లెక్కలు చెబితే పిల్లలు సైగల్లోనే ఎదురు ప్రశ్న వేసే క్లాసు నాకు చూడటానికే దొరకలేదు. నాగావళి గట్టు గారి చెల్లి వెళ్ళి చూసి రావాలి.

పలాస
నాన్నగారి టెన్షన్ భాష గురించా, ఆడపిల్ల ఒక్కతే వెళ్తోందనా?

బొబ్బిలి నాన్న
కోట జంక్షన్ గారూ, ఒంటిచెయ్యి సంగతి ముందు తేల్చండి. రాజ్యాంగం తరవాత.

మయూరి
1992 నాటి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇక్కడ స్పెషల్ టీచరుగా పనిచెయ్యకూడదు. అక్కడి వాలంటీరు సర్టిఫికెట్ దానికి బదులు కాదు. సీఆర్‌ఆర్ నంబరు, అంటే ఆ రిజిస్ట్రేషన్ నంబరు, చేతికొచ్చాకే కదలమనండి.

కోట జంక్షన్
ఒంటిచెయ్యి ఒంటిచెయ్యి అని దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. ఆండ్రూ ఫోస్టర్ అనే అమెరికన్, తనూ బధిరుడే, 1957లో ఘనాలో బడి పెట్టాడు. ఆ తరవాత ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో పెట్టాడు. తీసుకెళ్ళింది అమెరికా సైగలే. అంతకుముందు బడి ముఖమే చూడని పిల్లలు చదువుకున్నారు. సరే, ఇంట్లో మీ అబ్బాయితో మీరు ఏ సైగల్లో మాట్లాడతారు?

బొబ్బిలి నాన్న
సైగలెందుకు? నోటితోనే మాట్లాడతాను. అప్పుచేసి చెవి మిషను కొన్నాను. పెదాలు చూసి గ్రహిస్తాడు. సైగలు మరిగితే రేపు వాళ్ళ నాయనమ్మతో ఎలా మాట్లాడతాడు? సంతలో బేరం ఎలా ఆడతాడు? మీలాంటివాళ్ళు వస్తారు, నేర్పుతారు, పోతారు. వాడితో ఉండేది నేను. వాణ్ణి నాకు కాకుండా చెయ్యకండి.

చేతిమాట
నాకు వినపడదు. మొదట్నుంచీ చదువుతున్నాను. బొబ్బిలి నాన్న గారూ, అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా పాట, బాట, మాట అనండి. పెదాల మీద మూడూ ఒకటే. మీ అబ్బాయి రోజంతా చేసేది ఊహించడమే. నా బడిలో చెయ్యి పైకి లేస్తే స్కేలుతో కొట్టేవాళ్ళు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో, బధిరుల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సభలో దాదాపు అందరూ వినపడేవాళ్ళే కూర్చుని బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. అది తప్పని 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే సభ విచారం తెలిపింది. మధ్యలో ఎన్ని తరాలు!

ఇక్కడా అదే జరుగుతోంది. కెన్యా వెళ్ళాలా, ఎన్ని చేతులు వాడాలి అంటున్నారు. మమ్మల్ని టీచర్లుగా పెట్టమని ఒక్కరూ అనలేదు. ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది. సైగల భాష బోధనలో మా బధిరులకి డిప్లొమా ఇస్తోంది. సైగల భాష వచ్చిన వికలాంగులనీ టీచర్లుగా తీసుకోవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్లో ఉంది. నేర్చుకోవడానికి సముద్రం దాటుతారు, పక్క వీధిలో ఉన్న మమ్మల్ని అడగరు.

కోట జంక్షన్
మీ మాట కాదనను. కానీ మీకు పోస్టులు పడేదాకా పిల్లలు ఆగాలా? వినపడే టీచర్లూ కావాలి, వాళ్ళూ బాగా నేర్చుకోవాలి.

చేతిమాట
ఆగమన్నది మమ్మల్నే, ఇన్నాళ్ళూ.

బొబ్బిలి నాన్న
అద్దం ముందు అన్నాను. తేడా తెలీలేదు. అయినా స్పీచ్ థెరపీ మాన్పించను. పెద్దవాళ్ళకి సైగలు నేర్పేవాళ్ళు ఇటువైపు ఎవరైనా ఉన్నారా?

చేతిమాట
మాన్పించమని నేనూ అనలేదు. విజయనగరంలో మేం కొందరం ఆదివారాలు కలుస్తాం. మీ బాబునీ తీసుకురండి.

నాగావళి గట్టు
చెల్లి ఇదంతా చదివింది. వెళ్తాననే అంటోంది, సీఆర్‌ఆర్‌కి అప్లై చేసింది. చేతిమాట గారూ, వెళ్ళేలోగా తనూ ఆదివారాలు రావచ్చా?

చేతిమాట
తప్పకుండా రమ్మనండి, నేర్పుతాను. తను తిరిగొచ్చేసరికి ఇక్కడ పోస్టు పడితే దానికి నేనూ అప్లై చేస్తాను. ఆ మాట ఇప్పుడే చెప్తున్నాను.